“పొట్ట ఇంకా తగ్గలేదేంటమ్మా?”

ప్రశ్న: అక్కా, పెళ్ళయ్యాక డాలస్ వచ్చాను. నాలుగు నెలల కిందట పాప పుట్టింది, సిజేరియన్. సాయానికి వచ్చిన అమ్మ పోయిన వారమే ఇండియా వెళ్ళిపోయింది. పొట్ట జారినట్టు అలాగే ఉంది, జుట్టు గుప్పెళ్ళతో ఊడుతోంది. వీడియో కాల్‌లో ప్రతివాళ్ళూ “ఇంత లావయ్యావేంటి” అనేవాళ్ళే. అద్దం చూడాలంటేనే విసుగు. డిసెంబర్‌లో మరిది పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళాలి. అప్పటికి మామూలుగా అవుతానా?

జవాబు: చెల్లీ, డిసెంబర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాలుగు నెలల సంగతి విను. ప్రసవమైన వెంటనే గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది. ఆరు వారాల్లో అది 60, 70 గ్రాములకి వచ్చేస్తుంది. అంత పని లోపల చడీచప్పుడూ లేకుండా జరిగిపోయింది. సాగిన కండరాలకీ చర్మానికీ మాత్రం నెలలు పడుతుంది. పైగా నీది పొరలు పొరలుగా కోసి కుట్టిన ఆపరేషన్. కుట్టు చుట్టూ మొద్దుబారినట్టు చాలాకాలం ఉండొచ్చు. మీ మామగారికి అంత పెద్ద కోత పడి ఉంటే నాలుగో నెలలో ఆయన పొట్ట ఎంత తగ్గిందని ఎవరైనా అడుగుతారా?

జుట్టు గురించి బెంగ వద్దు. కడుపుతో ఉన్నప్పుడు ఊడాల్సిన జుట్టు ఊడకుండా నిలిచిపోతుంది. హార్మోన్లు పడిపోయాక మూడు నాలుగు నెలలకి అదంతా ఒక్కసారిగా రాలుతుంది. ఎక్కువమందికి ఏడాది తిరిగేలోపు సర్దుకుంటుంది. ఈలోపు నూనెలు మార్చి డబ్బు తగలెయ్యకు. జుట్టుతో పాటు విపరీతమైన నీరసం, గుండెదడ కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష రాయమను. ప్రసవం తర్వాత థైరాయిడ్ తేడా చేయడం కొందరిలో ఉంటుంది.

ఇక్కడ నాకు అసలు కోపం వేరే ఉంది. మన వైపు బాలింతని అందరూ పట్టించుకుంటారు. కాయం ముద్ద, వెల్లుల్లి కారం, వేణ్ణీళ్ళు, సాంబ్రాణి పొగ, నడుముకి పాత చీర గుడ్డ. వాటితో పాటే మాటలు కూడా పడతాం అనుకో. అమెరికాలో తల్లిని పట్టించుకునేవాళ్ళే తక్కువ. పాపకి మొదటి వారంలో, ఆపైన ఒకటి, రెండు, నాలుగు, ఆరు నెలలకి డాక్టర్ దగ్గర చెకప్. నీకు? మామూలుగా ఆరు వారాలకి ఒకటి. మూడు వారాల్లోపే తల్లిని పలకరించాలనీ, 12 వారాల్లోపు పూర్తిగా పరీక్షించాలనీ ఇక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. అయినా చాలాచోట్ల కుట్టు చూసి, గర్భనిరోధకం ఏం వాడతావని అడిగి పంపేస్తారు. కాబట్టి నోరు తెరిచి నువ్వే అడగాలి. ఆరు వారాలు దాటాయని మొహమాటపడకు, ఇప్పుడైనా అపాయింట్‌మెంట్ తీసుకో.

పొట్ట విషయం ఇంట్లోనే కొంత తెలుస్తుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచుకో. బొడ్డుకి కాస్త పైన వేళ్ళు ఆనించి, తల మాత్రం కొంచెం పైకెత్తు. మధ్యలో రెండు వేళ్ళో అంతకంటే ఎక్కువో దిగేంత సందు తగిలితే కండరాలు విడిపోయి ఉన్నాయన్నమాట. దాన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. పొట్ట ఎత్తుగా కనబడటానికి ఇదీ ఒక కారణం. అలాంటప్పుడు యూట్యూబ్ చూసి వందలకొద్దీ క్రంచెస్ మొదలుపెట్టకు. పెల్విక్ ఫ్లోర్ ఫిజికల్ థెరపీకి, అంటే పొత్తికడుపు అడుగున ఉండే కండరాలకి బలమిచ్చే వ్యాయామ చికిత్సకి, రిఫరల్ ఇవ్వమను, ముందు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి కనుక్కో. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందంటే అదీ ఆ థెరపిస్టుకే చెప్పాలి. మా తరంలో ఆ ముక్క ఎవరితోనూ అనకుండా ప్యాడ్లు పెట్టుకుని తిరిగినవాళ్ళు చాలామంది. అమ్మ కట్టిన నడికట్టు మంచిదే, నడుముకి ఆసరా. కొవ్వు కరిగిస్తుందని మాత్రం అనుకోకు.

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా? వస్తే ప్రసవమైన 4 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే రెండు గంటల పరీక్ష ఉంటుంది. పాపతో కుదరక చాలామంది ఎగ్గొడతారు. నువ్వూ చేయించుకోకపోతే ఇప్పుడే అడుగు. మనవాళ్ళకి షుగర్ రిస్కు అసలే ఎక్కువ.

తిండి దగ్గర డైటింగ్ జోలికి పోకు. పాలిచ్చే తల్లికి రోజుకి 340 నుంచి 400 క్యాలరీలు అదనంగా కావాలి. పథ్యంలో వెల్లుల్లి, వాము, మెంతులు ఉంచుకో. “నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది” అన్న మాట ఒక్కటీ వదిలేయ్. నీళ్ళు తగ్గిస్తే వచ్చేది మలబద్ధకమే.

ఇది చదివే పచ్చి బాలింతలకి ఒక ముక్క. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఆయాసం, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, వీటిలో ఏది ఉన్నా “పురిటి నీరసంలే” అని ఊరుకోకుండా వెంటనే 911 కి ఫోన్ చేయండి.

మనసు సంగతి. మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. నీకు నాలుగు నెలలు. అద్దం మీద విసుగు రోజంతా, అన్నిటి మీదా పాకుతుంటే డాక్టర్‌కి చెప్పు. తల్లుల కోసం 1-833-852-6262 హెల్ప్‌లైన్ ఉంది. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు.

ఇక పొట్ట మీద చారలు. ఏ క్రీమూ వాటిని పూర్తిగా పోగొట్టదు, రంగు తగ్గి తెల్లబడతాయంతే. వాటిని ముద్దు చేయమని నేను చెప్పను, నాకూ ఆ ముచ్చట లేదు. మా పెద్దది కాలేజీకి వెళ్ళిపోయింది, నా పొట్ట మీద మడత మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. దాని మీదే చీర కట్టుకుని పండగలకీ పేరంటాలకీ తిరుగుతున్నాను. స్నానమయ్యాక కొబ్బరినూనె రాసేటప్పుడు ఒళ్ళంతా రాసి పొట్ట వదిలేస్తున్నావేమో చూసుకో, అక్కడా రాయి. కుట్టు మీద మర్దన మాత్రం డాక్టర్ సరే అన్నాకే.

అత్తగారి వైపు వాళ్ళు లావు మాటెత్తితే జవాబు నువ్వు చెప్పకు, మీ ఆయనతో చెప్పించు. “ఆపరేషన్ అయింది పిన్నీ, డాక్టర్ బాగుందన్నారు” అని అతను ఒక్కసారి అంటే చాలు, మళ్ళీ ఎత్తరు.

డిసెంబర్‌కి పెళ్ళినాటి బ్లౌజుల్లో దూరాలని పంతం పట్టకు. వాటిని అమ్మకి పంపి లోపలి కుట్లు విప్పించు, మన టైలర్లు ఎటూ గుడ్డ వదులుతారు. కొత్తవి కుట్టించుకుంటే నవంబర్‌లో కొలతలు తీసి పంపు, ఇప్పుడే వద్దు. హుక్కులు ముందుకి పెట్టమను. పెళ్ళి మంటపంలో పాప ఏడిస్తే వెనక హుక్కులతో నీ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.