సింధు లోయ నగరాలు: ఇటుక, మురుగు, తూకం
పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సింధు నాగరికత మీద వచ్చిన ఉత్తరాల్లో కట్టుబడి, కొలతల గురించి అడిగినవి ముందుగా తీసుకున్నాం. లిపిని చదివేశారంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశాల గురించి అడిగినవారికి ఒక్క మాట: అందరూ ఒప్పుకున్న పఠనం ఇప్పటికీ లేదు. రాతలు మరీ పొట్టివి, సగటున అయిదు గుర్తులకు మించవు. పక్కనే మనకు తెలిసిన భాషలో అదే విషయం చెక్కిన రాయి ఒక్కటీ దొరకలేదు.

ప్రశ్న: వందల మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లలో కూడా ఇటుక కొలతలు కలిసేవంటారు. అంత పట్టింపు ఎందుకు? (తెనాలి)

కలిసింది కొలత కన్నా నిష్పత్తి అనడం సరైనది. మందం ఒక వంతు, వెడల్పు రెండు, పొడవు నాలుగు. ఇళ్లకు 7×14×28 సెంటీమీటర్ల ఇటుక, కోటగోడలకు 10×20×40. పొడవు వెడల్పుకు సరిగ్గా రెట్టింపు కావడంలోనే కిటుకంతా ఉంది. ఒక వరసలో ఇటుకల్ని గోడ వెంబడి పొడుగ్గా, పై వరసలో గోడకు అడ్డంగా పేర్చితే అతుకు మీద అతుకు పడదు, ఇటుకల్ని పెద్దగా పగలగొట్టే పనీ ఉండదు. మన మేస్త్రీలు ఇంగ్లిష్ బాండ్ అనేది ఇదే.

రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో అంతకుముందు కాలపు ఇటుకలు 10×20×30. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లే కాబట్టి, పై వరస అడ్డంగా వేస్తే అతుకుల లెక్క తప్పుతుంది, ముక్కలు పెట్టి సర్దాలి. క్రీ.పూ. 2600 ప్రాంతంలో నగరాలు పెరిగాక 1:2:4 స్థిరపడింది.

అన్నీ కాల్చిన ఇటుకలే అనుకోవద్దు. కాలీబంగన్‌లో చాలా ఇళ్లు పచ్చి ఇటుకవే, గుజరాత్‌లోని ధోలావీరాలో రాయి ఎక్కువ. కాల్చడానికి కట్టెలు బోలెడు కావాలి గనుక, చాలాచోట్ల కాల్చిన ఇటుకను నీళ్లు తగిలే చోటికే దాచుకున్నారు: బావి, స్నానపు గది, మురుగు కాలువ. గుజరాత్‌లోనే ఉన్న లోథల్‌లో ఇల్లు పచ్చి ఇటుకది, దాని కాలువ మాత్రం కాల్చిన ఇటుకది.

ప్రశ్న: నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మురుగు కాలువలు పూడిపోయేవి కావా? (ఖమ్మం)

పూడేవి. అందుకే పూడిక తీసే ఏర్పాటుతోనే కట్టారు. స్నానపు గది నేలను ఒక మూలకు వాలుగా పరిచేవారు. ఆ నీరు గోడలోని తూము గుండానో మట్టి గొట్టం గుండానో వీధి కాలువలో పడేది. కొన్ని ఇళ్ల ముందు చిన్న గుంట ఉండేది. చెత్త, ఇసుక అందులో అడుక్కి దిగి, పైనున్న నీరే ముందుకు పోయేది. వీధి కాలువల లోతు చాలాచోట్ల అర మీటరు. పైన కప్పిన ఇటుకలను గానీ రాతి పలకలను గానీ ఎత్తి శుభ్రం చేసుకోవచ్చు.

తీసిన ఇసుక కుప్పలు మొహెంజొదారోలో కాలువల పక్కనే తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే పూడిక తీసినవాళ్లు దాన్ని ప్రతిసారీ ఊరి బయటికి మోయలేదన్నమాట! ఈ విషయంలో మన మునిసిపాలిటీలు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఒక్క మొహెంజొదారోలోనే దాదాపు 700 బావులుండేవని అంచనా. బావి ఒరకు వాడిన ఇటుక ఒక వైపు సన్నం, ఇంకో వైపు వెడల్పు. గుండ్రంగా పేర్చితే చుట్టూ ఉన్న మట్టి ఎంత నెడితే అంత బిగుసుకుంటుంది. చదరపు ఒరలో గోడ మధ్యలో లోపలికి ఉబ్బి కూలే ప్రమాదం దీనికి తక్కువ.

ప్రశ్న: వాళ్ల తూకపు రాళ్లతో ఈనాటి కొట్టు నడపొచ్చా? (ఆదోని)

భేషుగ్గా నడపొచ్చు. చెకుముకి జాతి గట్టి రాయిని ఘనాకారంగా నునుపు చేసి వాడారు. చిన్న తూకాలు 1, 2, 4, 8, 16, 32, 64 చొప్పున రెట్టింపవుతాయి. ఎక్కువగా దొరికే 16 వంతుల రాయి బరువు సుమారు 13.7 గ్రాములు. ఈ ఏడు రాళ్లు ఒక్కొక్కటి చొప్పున ఉంటే 1 నుంచి 127 వరకు ఏ తూకమైనా తూగుతుంది. రాళ్ల మీద అంకెలు చెక్కలేదు, పరిమాణం చూసే గుర్తుపట్టాలి.

ప్రశ్న: ఇనుము లేని కాలంలో పొడుగాటి ఎర్ర పూసలకు బెజ్జం ఎలా వేశారు? (కరీంనగర్)

కార్నీలియన్ రాయిది అది. గుజరాత్ గనుల నుంచి వచ్చిన రాయిని ముందు ఎండబెట్టి, తర్వాత నిదానంగా కాల్చితే అందులోని ఇనుము వల్ల ఎరుపు తేలుతుంది. తేమ పోకముందే మంట పెంచితే రాయి బీటలు వారుతుంది. కాల్చాక చెక్కి, అరగదీసి, చివరగా విల్లు బరమాతో తొలిచేవారు. బరమా మొన కూడా రాయే. పరిశోధకులు ఎర్నెస్టైట్ అని పేరు పెట్టిన ఈ గట్టి రాతి మొనలు సింధ్‌లోని చన్హుదారోలో, ధోలావీరాలో దొరికాయి. నీటి చుక్కలు పడుతూనే ఉండాలి, లేకపోతే వేడెక్కి పూస పగులుతుంది. రెండు కొసల నుంచీ తొలుచుకొస్తారు కాబట్టి గురి తప్పితే బెజ్జాలు కలవవు, పడిన పాటంతా వృథా.

ఈ కాలంలో చేసి చూసిన ప్రయోగాల్లో గంటకు రెండున్నర మిల్లీమీటర్లే దిగింది. ఆ లెక్కన 12 సెంటీమీటర్ల పూసకు తొలవడమే 48 గంటలు. మెసొపొటేమియాలోని ఉర్ రాజ సమాధుల్లో ఈ ఎర్ర పూసలు కనిపించాయంటే ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: ఈ నగరాలను ఆర్యులు దండెత్తి నాశనం చేశారని చదువుకున్నాం. అది నిజమేనా? (విజయనగరం)

పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1940లలో ప్రచారంలోకి తెచ్చిన మాట అది. మొహెంజొదారో సందుల్లో, ఇళ్లలో దొరికిన దాదాపు 37 అస్థిపంజరాలే దానికి ముఖ్య ఆధారం. మరో పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ 1964లో వాటిని పొర పొరగా సరిచూసి, అవన్నీ ఒకే రోజు చనిపోయినవాళ్లవి కావని తేల్చాడు. ఊరిని కాపాడుకోవాల్సిన ఎత్తు కోటలో అస్థిపంజరం ఒక్కటీ లేదు. ఆర్యుల వలసల చర్చ వేరు, ఈ నరమేధం కథ వేరు, రెంటినీ కలపకూడదు.

సుమారు 4200 ఏళ్ల కిందట వానలు తగ్గుముఖం పట్టాయి, ఘగ్గర్-హక్రా నది ప్రవాహం బక్కచిక్కింది. క్రీ.పూ. 1900 తర్వాత జనం తూర్పుకీ గుజరాత్ వైపుకీ చిన్న ఊళ్లుగా చెదిరారు. జనం మిగిలారు, సేద్యం మిగిలింది. ముద్రలు, లిపి, ఉమ్మడి తూకం మాత్రం కనుమరుగయ్యాయి. దూరపు వ్యాపారం సన్నగిల్లాక వాటితో పనేముంది?

ప్రశ్న: అదే కాలంలో మన తెలుగు నేల మీద ఏముంది? (హైదరాబాద్)

పశువుల మందలున్నాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో బూడిద దిబ్బను తవ్వారు. మొద్దులు పాతిన దొడ్డిలో ఏళ్ల తరబడి పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా ఏర్పడిన దిబ్బ అది. గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. హరప్పా (సింధు నాగరికత) ధోరణి గోదావరి పరీవాహకం దాకా వచ్చిన జాడ మహారాష్ట్రలోని దైమాబాద్‌లో ఉంది. అదీ నగరాలు చెదిరిన తరువాతి కాలానిది, గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున.