కిరాయి నవలల కాకా: చైనా ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీల చైనా వెబ్ నవలల గురించి, అంటె ఇంటర్నెట్ల అధ్యాయం తర్వాత అధ్యాయం వచ్చే కథల గురించి, ఊరికే నాలుగు మాటలు రాసిన. ఉత్తరాలు మాత్రం వాటికే ఎక్కువ వచ్చినయ్. కొత్తగ చదివేటోళ్ల కోసం ఒక ముక్క: హన్మకొండ చౌరస్త దగ్గర ఇరవై రెండేండ్లు కిరాయి నవలల దుకాణం నడిపిన. గిరాకి పోయి షట్టర్ దించినంక మనుమడు ఫోన్ల ఈ కథలు ఇంగ్లిషుల చదువుడు అలవాటు చేసిండు. చైనా భాష నాకు రాదు. వచ్చిన కాడికి చెప్త.

కాకా, ఒక నవల తొమ్మిది వందల అధ్యాయాలు చదివిన. హీరో ఒక్క దెబ్బ కొట్టాలంటె మూడు అధ్యాయాలు పడుతున్నది. ఎందుకింత సాగదీత?
— డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

తమ్మీ, ఆ దెబ్బ రాసినాయనకు పైసలు అక్షరాల లెక్కన వస్తయ్. ఛీద్యెన్ అని ఒక సైటు 2002ల మొదలైంది. ఆ మాటకు అర్థం ‘మొదలయ్యే జాగ’. 2003 అక్టోబర్‌ల వాళ్లు పైసలిచ్చి చదివే పద్ధతి తెచ్చిండ్రు. కథ మొదటి భాగం ఉచితం. మంచి రసపట్టుల తాళం పడ్తది. అక్కడినుంచి వెయ్యి అక్షరాలకు కొన్ని ఫెన్‌లు. ఫెన్ అంటె వాళ్ల యువాన్‌ల నూరో వంతు. ఒక అధ్యాయం రెండు మూడు వేల అక్షరాలుంటది గనుక చదివేటోనికి అది చాయ్ పైసలు గూడ కాదు. రాసేటోనికి బువ్వ దొరకాలంటె మాత్రం వేల మంది చదవాలె, రోజూ చదవాలె, ఏండ్ల తరబడి చదవాలె. ఒకరోజు రాయకపోతే పాఠకుడు పక్క నవలకు పోతడు. దాని మీద నెలనెలా పాఠకులు వేసే ఓట్లు, ఆ ఓట్ల మీద పట్టికల జాగ.

మా దుకాణం లెక్క తలకిందులు. నాది రోజు కిరాయి. అందుకే నా గిరాకీలకు జల్ది అయిపోయే నవల కావాలె. మిల్లుల పనిచేసే ఒకాయన పొద్దున ఒకటి తీస్కపోయి, మధ్యాహ్నం తెచ్చి, “ఇది చదివిందే కాకా, మార్చియ్యి” అని ఇంకొకటి తీస్కపోయేటోడు. ఒక రోజు కిరాయికి రెండు నవలలు. నాకు తెలుసు, ఆయనకు నాకు తెలుసని తెలుసు.

నీ తిప్పలకు అసలు కారణం ఇంకోటున్నది. వారపత్రికలల్ల వచ్చిన సీరియళ్లు కత్తిరించి, బైండు చేయించి నేను కిరాయికిచ్చేది. అవి వరుసగ చదివినోళ్లు వచ్చి తిట్టేటోళ్లు: “ఏంది కాకా, ప్రతి పది పేజీలకు ఎవరో ఒకరు తలుపు కొడ్తరు!” వారం వారం చదివినోళ్లకు ఆ తలుపు చప్పుడే పాణం. బైండింగుల అది అతుకు లెక్క కనపడ్తది. తమ్మీ, నువ్వు చదివేది బైండింగు. అక్కడోళ్లు రాత్రి పండుకునే ముందు ఒక్క అధ్యాయం చదివి ఫోను పక్కకు పెట్టిన కథను నువ్వు ఆదివారం నాడు అరవై అధ్యాయాలు మింగుతున్నవ్.

చైనా పాఠకులకు ఇది తెల్వదనుకోకు. సాగదీతకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘నీళ్లు’. మన పాలోడు కలిపినట్టే. ఇంకో మాట నాకు మస్తు నచ్చింది. కొంతమంది కథను వెంటనే చదవరు, అధ్యాయాలు కూడేదాంక ఆగుతరు. దాన్ని ‘మేపి కొవ్వెక్కినంక కోసుడు’ అంటరు. మేడారం జాతరకు ఏడాది ముందునుంచి మేకపోతును మేపేటోళ్లకు వేరే వివరం అక్కర్లేదు.

ఇగ ఆ మూడు అధ్యాయాల సంగతి. మళ్ల తిరగేసి చూడు. దెబ్బ ఒక లైనే ఉంటది. మిగిలిందంత చూసేటోళ్ల మొఖాలు: పెద్దాయన చెయ్యి వణికి చాయ్ కప్పు జారుడు, పొద్దున ఎక్కిరించిన దొరబిడ్డ తెల్లబోవుడు, మూలకున్న ముసలాయన గడ్డం దువ్వుకునుడు. అందులో నీళ్లున్నయ్, కాదన. కాని ఆ కథకు అసలు సరుకు గూడ అదే. ఎందుకంటె కొట్టింది మనిషిని కాదు, వాని అంతస్తును. అది నలుగురు చూస్తెనే లెక్కకొస్తది.

కాకా, ఈ కథలల్ల ‘బయటి శిష్యులు’ అని ఉంటరు. మమ్ములనే చూసి రాసినట్టుంటది. ఇదంత ఉత్త కల్పననా, అక్కడ నిజంగ ఇట్లనే ఉంటదా?
— ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని, హన్మకొండ

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన.

తెల్వనోళ్ల కోసం చెప్త. ఈ కథలల్ల కొండ మీద ఒక మఠం ఉంటది, చావు లేని అమరులు కావాలని అక్కడ సాధన చేస్తరు. అడుగున ఊడ్చెటోళ్లు, నీళ్లు మోసెటోళ్లు. వాళ్ల పైన బయటి శిష్యులు, ఆ పైన లోపలి శిష్యులు, ఆ పైన ముఖ్య శిష్యులు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క రంగు అంగీ, నెలకు ఇన్ని మందుగోళీలు, ఇన్ని మహిమ రాళ్లు అని వాటా. బయటి శిష్యుని వాటాల సగం పంచెటోడే కొట్టేస్తడు. జీతం చేతికొచ్చేసరికి ఎంత తెగుతదో నీకు తెలుసు, నేను రాయ.

2008ల మొదలై 2,400 పైచిలుకు అధ్యాయాలు నడిచిన ఒక నవలున్నది. తెలుగుల చెప్పాలంటె ‘మామూలు మనిషి అమరుడైన కథ’. రాసినాయన కలంపేరు వాంగ్ యూ. అందులో హాన్ లీ పల్లెటూరి పేదింటి పిల్లగాడు, ఊర్లె అందరికి మొద్దోడు. అమరుడు కావాలని వాడు ఇల్లు దాటలే. వరుసకు చిన్నాయన చెప్పిన జాగల చేరితె ఇంటికి నాలుగు పైసలు పంపొచ్చని దాటిండు. ఆ ఒక్క కారణానికి నేను ఆ నవలను మిగిలిన వందింటికంటె మీద పెడ్త. తర్వాత వాని ‘వేరు’ను, అంటె పుట్టుకతోని వచ్చిన సాధన శక్తిని, పరీక్ష చేస్తరు. లోహం, చెక్క, నీళ్లు, నిప్పు, మట్టి అని అయిదు రకాలు. ఒక్కటే స్వచ్ఛంగ ఉంటె వజ్రం. హాన్ లీకి నాలుగు కలిసినయ్, అంటె చెత్త. వాడు చేసిన పాపం లేదు, పుట్టుడే అట్ల పుట్టిండు.

కులం అనే మాట ఆ నవలల ఎక్కడ గూడ రాదు. మన తెలంగాణల కూసోని చదివేటోనికి ఆ పరీక్ష ముందట నిలబడ్డ పిల్లగాడు ఎవరో వేరే చెప్పాల్నా? చైనాల 1958నుంచి హుకౌ అని ఒక పద్ధతున్నది. పుట్టినింటిని బట్టి పల్లె లెక్క, పట్నం లెక్క. పల్లె లెక్కోడు పట్నంల ఎన్నేండ్లు ఇటుకలు మోసినా బడి, దవాఖాన దగ్గర పట్నపోనితో సమానం కాలేదు. కాలం మారి కొంత సడలిచ్చిండ్రు గని పద్ధతి పోలే. దాని పక్కన పరీక్షల పిచ్చి. రాజుల కాలంల కొలువు కోసం పెట్టిన పరీక్షలు పదమూడు వందల ఏండ్లు నడిచి 1905ల ఆగినయ్. ఇప్పుడు గావ్‌కావ్ అని మన ఇంటర్, ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) రెండూ కలిపినంత బరువున్న పరీక్ష ఏటా జూన్‌ల ఉంటది. అందుకే అంటున్న, మఠంల వేర్ల పరీక్ష ఉత్త కల్పన కాదు. మన కాలేజీలల్ల ఐఐటీ బ్యాచికి ఏసీ గది, మామూలు సెక్షనుకు రేకుల షెడ్డు ఉన్నట్టే.

సాగదీత, అంతస్తు రెండూ ఇక్కడే ముడిపడ్తయ్. హీరో ఊర్లె అందరికంటె మీదికి పోయిండనుకో, కథ అయిపోవాలె. అయిపోతె రచయితకు రేపటి బువ్వ లేదు. అందుకే పైన ఇంకో లోకం తెరుస్తడు. అక్కడ మన హీరో మళ్ల అడుగునుంచి మొదలు, మళ్ల ఎవడో దొరబిడ్డ చీమను చూసినట్టు చూస్తడు. వాళ్ల సామెత: మొగులు మీద మొగులు, మనిషి మీద మనిషి. పరకాల బడిల ఫస్టొచ్చిన పిల్లగాడు హైదరాబాద్ హాస్టల్ల దిగిన మొదటి రాత్రి ఇదే. రాసేటోని అవసరం, చదివేటోని బతుకు ఒకదానికొకటి సరిపోయినయ్. లేకపోతె ఉత్త నీళ్లను ఎవ్వడు రెండు వేల అధ్యాయాలు తాగడు.

నాకు నచ్చంది గూడ చెప్త. నిచ్చెన ఎక్కిన హీరో నిచ్చెనను ముట్టడు. ఊడ్చెటోళ్ల వాటా కొట్టేసినోన్ని కొడ్తడు, వాటాల పద్ధతిని మాత్రం అట్లనే ఉంచుతడు. పైకి పోయినంక వాని గుహ ముందట ఇద్దరు పనిపిల్లగాండ్లు నిలబడి ఉంటరు. వాళ్ల పేర్లు రెండో అధ్యాయానికే మర్చిపోతడు, రాసినాయన గూడ మర్చిపోతడు.

ఈ నవలల్లో గుర్తులు, సంకేతాలు తెలుగు పాఠకుడికి ఎలా అర్థం కావాలి? కొన్ని అనువదించబోతే నవ్వులాటగా ఉన్నాయి.
— తెలుగు పంతులు, కరీంనగర్

సార్, మీరు నవ్వింది కొంగ దగ్గరే అయుంటది. నాకూ అదే అయింది. “మహర్షి తెల్లని కొంగనెక్కి దిగివచ్చెను” అని రాస్తె మనోళ్లకు కొంగ జపమే యాదికొస్తది. వాళ్లకు ఆ పక్షి దీర్ఘాయుష్షుకు, సాధువుల నడకకు గుర్తు. హంస అని రాద్దామని నాకూ ఆశ పుట్టింది. వరంగల్ కోట తోరణాల మీద మనకు హంసలుండనే ఉండె. కాని హంస అనంగనే పాలు నీళ్లు వేరుచేసుడు వచ్చి కూసుంటది, అది మన సంగతి. ‘సారస పక్షి’ అని విడిచిపెట్టుండ్రి. జాతికి జాతి సరిపోతది, ఎక్కిరింపు రాదు.

తెలుపు దగ్గర గూడ పైలం. తెల్లబట్టలు కట్టుకున్న పిల్ల గుమ్మంల నిలబడ్డదంటె అక్కడ చావు వాసన ఉండొచ్చు. పెండ్లికి ఎరుపు. మొగోని నెత్తిన ఆకుపచ్చ టోపీ అంటె వాని పెండ్లాం వేరేటోనితో ఉన్నదని. ఇది తెల్వక నేను ఒక అధ్యాయమంత ఆకుపచ్చ టోపీ కోసం ఎందుకు తన్నుకుంటున్నరో అని తల గోక్కున్న. నాలుగు అంకె పలికితె చావు మాట లెక్క వినపడ్తది, అందుకే నాలుగో గదిల ఎవరినన్న దించిండ్రంటె చూసుకోవాలె.

తామర మనకూ వాళ్లకూ ఒక్కటే. బురదల పుట్టి బురద అంటకుండ ఉంటదని వాళ్ల పండితుడు ఝౌ దున్‌యీ పదకొండో శతాబ్దంలనే రాసిండు. నూతిల కప్ప గూడ ఇద్దరికీ ఉన్నది. ప్లమ్ పువ్వు దగ్గర మాత్రం చెయ్యి ఆగుతది. మంచుల, ఆకు లేని కొమ్మకు పూసేది. కష్టంల తలొంచని మనిషికి గుర్తు. పేరు మార్చొద్దు గని, పక్కన ఒక్క వాక్యం సాయంగ పెట్టొచ్చు: ఆకంత రాలినంక మన గుట్టల మీద మోదుగు పూసినట్టు అని. మోదుగు ఎండకు పూస్తది, ఇది చలికి పూస్తది. ఆ తేడా పాఠకుడు తట్టుకుంటడు.

చేప సంగతి మర్చిపోకుండ్రి. పసుపు నది (హ్వాంగ్ హో) ఎదురు ప్రవాహంల ఈది ‘డ్రాగన్ దర్వాజ’ దుమికిన చేప డ్రాగనైతదని వాళ్ల కథ. పరీక్ష పాసైనోన్ని ఆ చేపతోని పోల్చేది. ఏ నవలల చెరువుల చేప ఎగిరినా, ఎవని కొడుకో అంతస్తు మారబోతున్నడు.

ఆడవాళ్ల కోసం రాసే ఇంటి రాజకీయాల నవలల గురించి మీరు ఒక్కమాట రాయలే. అవి చిన్నవా?
— పాఠకురాలు, సిరిసిల్ల

తప్పు నాదే అక్కా. చిన్నవి కావు, పెద్ద లోకాన్ని ఒక్క వాకిట్ల పెట్టినయ్. పెండ్లాడిన భార్య బిడ్డ ఒక వరుస, ఇంట్ల ఉంచుకున్నామె బిడ్డ ఇంకో వరుస. ఆ రెండో బిడ్డ కన్నతల్లిని అమ్మా అని పిలవరాదు, పెద్దామెనే అమ్మ అనాలె. ఈ ఒక్క పిలుపు మీద మూడు వందల అధ్యాయాలు నడుస్తయ్. పనిపిల్లలల్ల గూడ మొదటి తరగతి, రెండో తరగతి, నెలజీతంల తేడా. ఇక్కడ కత్తులు లేవు, బట్టల తానుతోని నరుకుతరు: పండుగకు ఎవరికి ఏ పట్టు ఇచ్చిండ్రు అన్నదే యుద్ధం. మీరు నేతూరోళ్లు గనుక ఇది వినుండ్రి: రెండు వేల రెండొందల ఏండ్ల కింద హాన్ వంశం మొదటి రాజు వ్యాపారులు పట్టు కట్టొద్దని హుకుం పెట్టిండు. పైసలున్నా సరే. రైతు, చేతిపనోని తర్వాతనే వ్యాపారికి జాగ. అందుకే ఆ కథలల్ల సావుకారి బిడ్డ పట్టు పైట సర్దుకుంటె పెద్దింటి ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరు.

మావోడు ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి రెండింటిదాంక ఇవే చదువుతున్నడు.
— ఒక తల్లి, పెద్దపల్లి

ఫోను రాత్రి మీ దగ్గర పెట్టుకోండమ్మా. పొద్దున చదవనియ్యండి. నా దుకాణంల గూడ మార్చిల పిల్లగాండ్లకు నవల ఇచ్చేటోణ్ణి కాదు, వాళ్ల నాయినలకు ఇచ్చేది.

రామప్ప గుడి చుట్టూ ఇట్లాంటి నవల తెలుగుల రాద్దామనుకుంటున్న. మూడు అధ్యాయాలు పంపుతున్న.
— కొత్త రచయిత, ములుగు

చదివిన బిడ్డా. అమర సాధన, మఠం, దొరబిడ్డ, తెగిన సంబంధం అన్నీ ఉన్నయ్. తెగిన సంబంధం 2009ల మొదలైన ఒక నవలతోని ఊరూరా పాకింది. రాసినాయన కలంపేరు పట్టుపురుగు ఆలుగడ్డ అన్నట్టుంటది (వాళ్ల కలంపేర్లే ఒక వినోదం, ఒకాయన పేరు ‘నేను టమాటలు తింట’). బలం పోగొట్టుకున్న షియావ్ యాన్ ఇంటికి పిల్ల తరఫోళ్లు వచ్చి సంబంధం తెంపుకుంటమంటరు. వాడు ఒప్పుకోడు, తనే విడాకుల కాగితం రాసి నెత్తుటి చెయ్యి ముద్ర వేస్తడు. నది ముప్పయ్యేండ్లు తూర్పుకు, ముప్పయ్యేండ్లు పడమటికి, పేద పిల్లగాన్ని చిన్నచూపు చూడకుండ్రి అంటడు. పసుపు నది దారి మార్చుకుంటె నిన్న తూర్పు ఒడ్డున ఉన్న ఊరు రేపు పడమటి ఒడ్డైతది, అందుకని వాళ్లకు ఆ మాట పుట్టింది. నువ్వు దాన్ని అట్లనే రామప్ప చెరువు గట్టు మీద పలికిచ్చినవ్. చెరువు ఎటు జరుగుతది బిడ్డా? మనకు బండ్లు ఓడలైతయ్, ఓడలు బండ్లైతయ్ అన్నది ఉండనే ఉండె.

నీ రెండో అధ్యాయంల ఒక్క జాగ మాత్రం నీది. హీరో తల్లి గుడి ముందట కొబ్బరికాయలమ్ముతది, శిల్పాలు చూడవచ్చిన సంబంధపోళ్లు ఆమె దగ్గరే కాయ కొని, ఆమె ఎవరో తెల్వక పది రూపాలకు బేరమాడుతరు. హీరో దూరంనుంచి చూస్తడు. ఆ బేరానికి నువ్వు నాలుగు లైన్లే ఇచ్చినవ్, తర్వాత కత్తియుద్ధానికి పదకొండు పేజీలు. యుద్ధం కొట్టెయ్యి. బేరాన్ని సాగదియ్యి, ఎన్ని అధ్యాయాలైనా చదువుత. నాలుగోది రాసినంక పంపు.