పాత తనిఖీ నివేదికలను చదవడం గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరమూ, దానితో జతపరచిన మొదటి అధ్యాయపు చిత్తుప్రతీ అందాయి. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు బడులలో జరిగిన పరీక్షలతో, తనిఖీలతో మొదలుపెట్టి, అక్కడి నుంచి మన మద్రాసు ప్రెసిడెన్సీకి రావాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, తరువాత చాలా ఏళ్ళు బడులు తనిఖీ చేసినవాడిని కనుక, ఆ కాలపు నివేదికలను ఎలా చదవాలో నాకు తెలిసినంత చెబుతాను. 1862 తరువాత ఉత్తీర్ణులు ఎక్కువగా కనిపిస్తున్నారు కనుక చదువు బాగుపడిందని నీవు ఒక వాక్యం రాశావు. ఆ వాక్యాన్ని ప్రస్తుతానికి కొట్టివెయ్యి.

ఏ పట్టికను చేతిలోకి తీసుకున్నా, అందులోని అంకెను బట్టి ఎవరికి ఎంత డబ్బు ముట్టిందో ముందు తెలుసుకో. 1833లో బ్రిటిషు పార్లమెంటు బడుల కోసం మొదటిసారిగా 20,000 పౌన్లు మంజూరు చేసింది. ఆ సొమ్ము ఎలా ఖర్చవుతున్నదో చూడడానికి 1839లో ఒక కమిటీ, దాని కింద ఇన్‌స్పెక్టర్లు ఏర్పడ్డారు. ఖర్చు ఏటేటా పెరిగి 1861 నాటికి 8 లక్షల పౌన్లు దాటింది. ఆ ఏడే, ఇంగ్లండు బడుల స్థితిని విచారించిన న్యూకాజిల్ కమిషన్ తన నివేదికలో, ఉపాధ్యాయులు పై తరగతి పిల్లల మీద దృష్టి పెట్టి చిన్నపిల్లలను వదిలేస్తున్నారని చెప్పింది. మరుసటి ఏడు, విద్యా వ్యవహారాలు చూసే మంత్రి రాబర్ట్ లో (Lowe) తెచ్చిన ‘సవరించిన నిబంధనావళి’ (రివైజ్డ్ కోడ్) దీనికి మందుగా వచ్చింది. సగటు హాజరు ప్రకారం తలకు 4 షిల్లింగులు, 200 పూటలకు పైగా బడికి వచ్చిన పిల్లవాడు ఇన్‌స్పెక్టరు ఎదుట పరీక్షలో నెగ్గితే మరో 8 షిల్లింగులు బడికి ఇస్తారు. చదవడంలో గాని, రాయడంలో గాని, లెక్కల్లో గాని తప్పితే, తప్పిన ఒక్కొక్కదానికి 2 షిల్లింగుల 8 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు) కోత పడుతుంది. మూడింటా తప్పితే ఆ 8 షిల్లింగులూ పోతాయి.

ఆ మంత్రి ఉద్దేశాన్ని నీవు తేలికగా తీసివేయకూడదు. వెనుక బెంచీ పిల్లవాడికి కూడా ముందు బెంచీ పిల్లవాడితో సమానమైన విలువ కట్టిన నియమం అది. అయితే నీవు చూస్తున్న ఉత్తీర్ణుల పట్టిక నిజానికి గ్రాంటు బిల్లుకు ఆధారంగా తయారైనదని ఒక్క క్షణం కూడా మరువవద్దు. ఆ అంకె మీద బడి బతుకు, చాలాచోట్ల ఉపాధ్యాయుడి జీతంలో కొంత భాగం కూడా ఆధారపడి ఉండేవి.

తరువాత ఆ నిబంధనావళిలోని పాఠ్యక్రమాన్ని దగ్గర పెట్టుకో. మొదటి స్టాండర్డు పిల్లవాడు పలక మీద 20 వరకు అంకెలు వేయాలి, ఒకే అక్షరాంశం (సిలబుల్) గల మాటలతో అల్లిన కథనాన్ని చదవాలి. ఆరో స్టాండర్డుకు వస్తే వార్తాపత్రికలోని చిన్న పేరా ఒకటి చదవాలి, అటువంటిదే మరొకటి డిక్టేషనుగా రాయాలి. చరిత్రకూ భూగోళానికీ అందులో దమ్మిడీ లేదు. వాటికి విడిగా గ్రాంటు ఇస్తామని 1867లో చెప్పవలసి వచ్చిందంటే, మధ్యలోని ఆ ఐదేళ్ళలో అవి బడి నుంచి ఎంత దూరం జరిగిపోయాయో నీవే ఊహించుకో. పట్టికలో గడి లేని విషయాలను ఇలా ఆ తరువాత వచ్చిన ఉత్తర్వులలో వెతుక్కోవాలి.

పట్టికలకు ముందు ఇన్‌స్పెక్టరు రాసిన మాటలను తప్పకుండా చదువు. కవిగా నీకు తెలిసిన మాథ్యూ ఆర్నాల్డ్ 1851 నుంచి 1886 వరకు బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. పిల్లలకు నిజంగా చదవడం, రాయడం, లెక్క కట్టడం రాకపోయినా, నేర్పుగా తయారుచేసి ఈ పరీక్ష గట్టెక్కించడం సాధ్యమేనని తన నివేదికలోనే స్పష్టంగా రాశాడు. 1861లో 36 మంది పిల్లలకు ఒక శిక్షణ ఉపాధ్యాయుడు (బడిలోనే పని నేర్చుకుంటూ పాఠాలు చెప్పే ప్యూపిల్ టీచరు) ఉంటే, 1866 నాటికి 54 మందికి ఒకడు మిగిలాడని కూడా లెక్క చూపాడు. ఉత్తీర్ణుల పట్టిక పక్కన ఈ రెండు అంకెలను ఉంచి నీ అధ్యాయాన్ని మళ్ళీ చదివి చూడు.

ఆర్నాల్డ్ మాటను నేను ఎందుకు నమ్ముతానో చెబుతాను. నేను తనిఖీకి వెళ్ళిన ఒక బడిలో రెండో తరగతి పిల్లలు వాచకం గడగడ చదివారు. ఒక అమ్మాయి చేతిలోని పుస్తకంలో నేను పొరపాటున వేరే పుట తెరిచి ఇచ్చాను. ఆ బిడ్డ ఆ పుట మీద వేలు పెట్టుకొని, తనకు కంఠతా వచ్చిన పాఠాన్నే చదువుతూ పోయింది. ఆ బడికి నేను అంతకు ముందు ఏడు రాసిన మంచి నివేదిక ఆ క్షణంలో గుర్తుకు వచ్చి, నాకు చాలా బాధ కలిగింది. పరీక్షించేవాడు అడిగే తీరు ముందే తెలిసిపోతే, బడి అంతా ఆ తీరుకే తయారవుతుంది.

అలాగని కంఠస్థాన్ని కనిపెట్టినది ఈ నిబంధనావళేనని రాసి, పొరపాటు చేయవద్దు. అప్పటి మద్రాసు గవర్నరు మన్రో ఆదేశించిన బడుల సర్వేకు 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన సమాధానం చూడు. పాఠాలు వాడుక మాటకు దూరమైన కావ్యభాషలో ఉండడం వల్ల పిల్లలు చిలకల వలె అర్థం తెలియకుండా పద్యాలు ఒప్పజెబుతున్నారని ఆయన రాశాడు. అదే నివేదికలో, పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు నేర్పించే మన బడుల పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా. మన వీధి బడిని మొత్తంగా పొగడడానికీ, మొత్తంగా తెగడడానికీ ఈ ఒక్క నివేదికనే వాడుకున్నవాళ్ళు ఉన్నారు. నీవు రెండు వైపులా చదువు.

మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చేటప్పుడు భారతదేశంలో చదువు గురించి చార్లెస్ ఉడ్ లండను నుంచి పంపిన 1854 నాటి తాఖీదుతో మొదలుపెట్టు. విద్యాశాఖ, ఇన్‌స్పెక్టర్లు, గ్రాంట్లు, విశ్వవిద్యాలయాలు అన్నీ ఆ తాఖీదు ప్రకారం వచ్చినవే. ఆ రోజుల్లోనే నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో సబ్ కలెక్టరు టేలర్ ప్రోత్సాహంతో రైతులు తమ మీద తామే పన్ను వేసుకొని బడులు పెట్టుకున్నారు. దానికి ఒక ఉపశీర్షిక కేటాయించు. ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి 1860ల దశకంలో మన ప్రాథమిక బడులకూ వచ్చింది. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే జీతం, గింజలు, దసరా మామూళ్ళతో బతికే వీధి బడి పంతులుకు హాజరు పట్టీ, స్టాండర్డు, ఇన్‌స్పెక్టరు రాక అన్నవి ఒక్కసారిగా అన్నం పెట్టేవిగా మారాయి. ఆ పంతులు స్వయంగా రాసుకున్న కాగితాలు అరుదుగా దొరుకుతాయి కనుక, అధికారి చేసిన ఫిర్యాదులోనే ఆయన కష్టాన్ని చదువుకోవలసి ఉంటుంది. ‘రిజిస్టరు సరిగా లేదు’ అన్న మాట కనిపించినప్పుడల్లా, ఆ రిజిస్టరు అంతకు ముందు ఆ బడిలో ఎవరికి అవసరమైందో ఆలోచించు. 1882 నాటి భారత విద్యా కమిషన్ (హంటర్ కమిషన్) ఈ పద్ధతినే ప్రాథమిక బడులకు సిఫారసు చేసింది. ఇంగ్లండు 1890లలో దానిని వదులుకున్నది; భారత ప్రభుత్వం అది పొరపాటని ఒప్పుకొన్నది 1904 నాటి విద్యా విధాన తీర్మానంలో. ఈ ఎడం ఎందుకు వచ్చిందన్నది నీ చివరి అధ్యాయానికి తగిన ప్రశ్న.

చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు వెళ్ళినప్పుడు ముద్రిత వార్షిక నివేదికలతో ఆగిపోకుండా, వాటికి ఆధారమైన ఉత్తర ప్రత్యుత్తరాలను కూడా అడిగి తెప్పించుకో. ప్రతి బడికీ రిజిస్టరులో ఉన్నవారు, పరీక్షకు హాజరైనవారు, నెగ్గినవారు అని మూడు గడులు విడివిడిగా రాసుకో. మొదటి రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉన్న బడుల జాబితా తయారయ్యాక నాకు పంపు. ఆ పిల్లలు ఏమయ్యారో కలిసి వెతుకుదాం.

ఇట్లు,
మీ మామయ్య