ప్రొజెక్టర్‌కి 15 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్: రాగిదా, ఫైబర్‌దా?

15 మీటర్ల దూరానికి 4కే 60 హెర్ట్జ్ బొమ్మ (సెకనుకు 60 ఫ్రేముల 4కే వీడియో) కావాలంటే ఫైబర్‌దే తీసుకోండి. అందుకు సెకనుకు 18 గిగాబిట్ల దాకా డేటా వెళ్లాలి. మామూలు రాగి కేబుల్‌ని 5 మీటర్లు దాటాక నమ్మలేం. తెర మీద చుక్కలు మెరుస్తాయి, మధ్యమధ్యలో బొమ్మ పోయి వస్తుంది.

ఫైబర్ కేబుల్‌లో ఒక కొసన ఉన్న చిప్ సిగ్నల్‌ని కాంతిగా మారుస్తుంది, రెండో కొసన ఉన్నది తిరిగి కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది. అందుకే దీనికి దిశ ఉంటుంది. సోర్స్ అని రాసిన కొస సెట్‌టాప్ బాక్స్‌కి, డిస్‌ప్లే అన్నది ప్రొజెక్టర్‌కి. తిప్పి పెడితే బొమ్మే రాదు.

అసలు జాగ్రత్త గోడ దగ్గర. కేబుల్‌ని నేరుగా ప్లాస్టరింగ్‌లో పూడ్చనివ్వకండి. ఆ చిప్ పోతే మొత్తం కేబుల్ మార్చాల్సిందే. కనెక్టర్ సులువుగా దూరేంత లావు పైపు వేయించండి, మలుపుల్లో ఎల్బో (ఒక్కసారిగా తిరిగే మూల ముక్క) కాకుండా మెల్లగా వంగే పెద్ద బెండ్ పెట్టించండి. ఎలక్ట్రీషియన్ కనెక్టర్‌కే తాడు కట్టి లాగబోతే ఆపండి, కేబుల్‌కి కట్టమనండి. లాగాక, ఫాల్స్ సీలింగ్ మూసేముందే రెండు వైపులా తగిలించి 4కే వీడియో ఒకటి పూర్తిగా ఆడించి చూడండి.