డాక్టర్ సలహా: బైప్యాప్ కొనమన్నారు, ఎందుకని అడగొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 49. కొండకు ట్యాక్సీ నడుపుతాను. గురక, పగలు కునికిపాట్లు ఉంటే నిద్ర పరీక్ష చేశారు. ఏహెచ్‌ఐ 38 వచ్చింది. నిద్రలో ఒకే ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మిషన్‌లో ఒత్తిడి 14 పెట్టి, ముక్కు మాస్క్ ఇచ్చారు. మూడు వారాలుగా నోరు పిడచకట్టుకుపోతోంది, కడుపు ఉబ్బుతోంది. తెల్లవారుజామున తీసేస్తున్నాను. ఇప్పుడు బైప్యాప్ అనే ఇంకో మిషన్ కొనమంటున్నారు. డాక్టర్ మాటను ప్రశ్నించడం తప్పా?

జవాబు: తప్పు కాదు. డబ్బు పెట్టి ఏళ్ల తరబడి వాడాల్సింది మీరు. ఏహెచ్‌ఐ 38 అంటే నిద్రలో గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమైన స్లీప్ యాప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) కిందే లెక్క, చికిత్స తప్పదు. ఏ మిషన్, ఎందుకు అన్నదే అడగండి.

బైప్యాప్ గాలి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవారికి, ఎంత ప్రయత్నించినా సీప్యాప్ ఒత్తిడి తట్టుకోలేనివారికి అది కావాలి. మీరు బాగా లావుగా ఉంటే రక్తంలో బైకార్బొనేట్ చూపించుకోండి. 27 లేదా ఆపైన ఉంటే ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు కొలిచే పరీక్ష) అవసరం. అందులో కార్బన్ డయాక్సైడ్ 45 దాటితే మీ డాక్టర్ మాటలో బలముంది.

మీరు చెప్పినదాన్ని బట్టి మాత్రం నాకు మొదటి అనుమానం మాస్క్ మీదే. ముక్కులోంచి వెళ్లిన గాలి తెరుచుకున్న నోట్లోంచి పోతోంది. అందుకే నోరు ఎండుతోంది. గొంతులో ఒత్తిడి నిలవక ఊపిరి మళ్లీ ఆగుతుంది కూడా. బైప్యాప్ కొన్నా ఈ లీకు పోదు. మిషన్‌లోని మెమరీ కార్డు తీసుకెళ్లి లీకు ఎంత, మిషన్ వాడుతున్నా మిగిలిన ఏహెచ్‌ఐ ఎంత, రాత్రికి ఎన్ని గంటలు వాడారు అన్నవి చూపించమనండి. మిగిలిన ఏహెచ్‌ఐ 5 లోపు ఉండాలి. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు, తర్వాత ముక్కూ నోరూ కప్పే మాస్క్. పట్టీలు పడుకుని, మిషన్ ఆన్ చేసి సర్దుకోవాలి. కూర్చుని బిగిస్తే పక్కకు తిరగగానే అంచు లేస్తుంది. మరీ బిగించినా కుషన్ ముడతపడి గాలి పోతుంది. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది.

కడుపు ఉబ్బరం మింగిన గాలి వల్ల. 14 ఒత్తిడి నిజంగా కావాలా, అవసరాన్ని బట్టి ఒత్తిడి దానంతటదే మారే ఆటో పద్ధతిలో పెట్టి చూడొచ్చా, ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గే సెట్టింగు ఉందా అని అడగండి. సొంతంగా మార్చొద్దు. ఇవన్నీ చేసినా కుదరకపోతే బైప్యాప్ సబబే. అప్పుడూ అద్దెకు దొరికితే రెండు వారాలు వాడి చూశాకే కొనండి.

అంతవరకూ సీప్యాప్ ఆపొద్దు. తీసేసినా మెలకువ రాగానే మళ్లీ పెట్టుకోండి. కలల నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. చాలామందికి ఊపిరి ఆగడం ఆ వేళే ముదురుతుంది. పగలు కునుకు పడుతున్నన్నాళ్లు ఘాట్ రోడ్డు ట్రిప్పులు దయచేసి వేరే డ్రైవరుకు ఇవ్వండి.