టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ లెక్కలు ఎలా చదవాలి?

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. ముందు అది వసూలు చేసే ఆస్తి పన్నును రెండుగా విడదీయండి. ఎం అండ్ ఓ (మెయింటెనెన్స్ అండ్ ఆపరేషన్స్) భాగం జీతాలకు, రోజువారీ ఖర్చులకు. ఐ అండ్ ఎస్ (ఇంటరెస్ట్ అండ్ సింకింగ్) భాగం బాండ్ల అప్పు తీర్చడానికి. రెండోదాన్ని జీతాలకు మళ్లించడం కుదరదు. బాండ్ల డబ్బుతో కొత్త స్టేడియం కడుతూనే టీచర్లను తగ్గించడం అందుకే. రాష్ట్రం ఇచ్చే మూల నిధులకు లెక్క బడిలో చేరినవారి సంఖ్య కాదు, సగటు రోజువారీ హాజరు. 1,000 మంది చేరినా సగటున 930 మంది వస్తుంటే డబ్బు 930 మందికే. టీచర్లను మాత్రం వెయ్యి మందికీ పెట్టాల్సిందే.

ఎక్కువమంది పొరబడేది టీచర్-విద్యార్థి నిష్పత్తి దగ్గర. 15 అని ఉంటే క్లాసులో 15 మందే అనుకోకండి, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లూ అందులో కలుస్తారు. అసలు క్లాస్ సైజు టీఈఏ (రాష్ట్ర విద్యా సంస్థ, టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ) ఏటా ఇచ్చే టీఏపీఆర్ అనే పనితీరు నివేదికలో విడిగా ఉంటుంది. ఒక్కో విద్యార్థిపై ఖర్చు పోల్చేటప్పుడు, పోల్చే రెండు డిస్ట్రిక్టుల లెక్కల్లోనూ అప్పు, నిర్మాణ ఖర్చులు తీసేశారో లేదో చూడండి.