అన్యాయమైన ఆర్డరైతే కంచె పీకేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా రెండెకరాల మాగాణికి పక్కవాళ్ల చేలోంచే దారి. మా నాన్న, వాళ్ల నాన్న అన్నదమ్ముల్లా మెలిగారు. నాన్న ఒక మాట అడిగి బండి తోలుకెళ్లేవాడు. నలభై ఏళ్లు అలాగే నడిచింది. పోయిన సంక్రాంతికి వాళ్ల కొడుకు కంచె వేశాడు. మేం రెండు స్తంభాలు పీకితే కోర్టు నుంచి టెంపరరీ ఇంజంక్షన్ (కేసు తేలేదాకా ఆ పని చేయొద్దనే ఆర్డర్) తెచ్చాడు. సమన్లు వచ్చి రెండు నెలలైంది, దేవుడి పటం వెనక పెట్టాను. కోత దగ్గర పడింది, అమ్మ టెన్షన్‌తో అన్నం మానేసింది. అన్యాయమైన ఆర్డర్‌ను పాటించడమే అధర్మం కాదా? రాత్రికి రాత్రి కంచె తీసి కోత మిషన్ దింపితే తప్పేంటి?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ‘ఒక మాట అడిగి’ అన్న ముక్క. మీరు ఆప్యాయతగా రాశారు, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. పక్కవాళ్ల భూమిలో దారిలాంటి హక్కుల గురించి చెప్పే 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు హక్కుగా నడిస్తేనే దారి మీది. అడిగి నడిచింది నలభై ఏళ్లయినా అనుమతే. ఒకవేళ హక్కుగానే నడిచామని సాక్షులతో చూపగలిగినా, కంచె పడి రెండేళ్లు దాటకముందే కోర్టులో అడగాలి.

కాబట్టి ముందు ట్రంకుపెట్టె తెరవండి. దస్తావేజు హద్దుల్లో ‘బండి దారి’ అన్న మాట ఉందా? రెండు చేలూ ఒకప్పుడు ఒకరివే అయి, విడదీసి అమ్మారా? అలాగైతే, వేరే దారి బొత్తిగా లేనప్పుడు 13వ సెక్షన్ కింద హక్కు వస్తుంది. దానికి అనుమతి గొడవ లేదు. కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగైనా చేరగలిగితే మాత్రం ఆ వాదన నిలవదు.

చట్టాన్ని ధిక్కరించడం ఎప్పుడూ అధర్మమేనని నేననను. 1917లో చంపారన్ వదిలి వెళ్లమన్న ఆర్డర్‌ను గాంధీ పాటించలేదు. పాటించలేదని మోతిహారి కోర్టులో తానే ఒప్పుకుని, శిక్షకు సిద్ధమన్నాడు. మీరు రాత్రిపూట అంటున్నారు!

ఆ పని చేస్తే, సివిల్ కేసులు నడిచే తీరు చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 39 (అక్కడ ఆర్డర్ అంటే అధ్యాయం లాంటిది) రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలుకూ పంపొచ్చు. కోర్టు ఇచ్చిన ఆర్డర్ తప్పని తర్వాత తేలినా, అమల్లో ఉన్నన్నాళ్లూ కట్టుబడాల్సిందే. ఆ జప్తు నోటీసు వచ్చాక, దారి ఎవరిదన్న మాట వెనక్కిపోతుంది.

ఇక ఆ సమన్లు. దేవుడు మీ తరఫున రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) వేయడు. గడువు 30 రోజులు, అది పోయింది. కోర్టు కారణం నమ్మితే 90 వరకు ఇస్తుంది, అంటే మీకు మిగిలింది నెల. రేపే లాయర్ని పెట్టుకోండి. ఆ రిటన్ స్టేట్‌మెంట్‌లోనే దారి హక్కుకు కౌంటర్ క్లెయిమ్ (మీ వైపు నుంచి ఎదురు దావా) వేయించండి. ఇంజంక్షన్ ఎత్తేయమని ఆ ఆర్డర్ 39లోనే రూల్ 4 కింద పిటిషన్, కోత వరకైనా దారి ఇమ్మని, అడ్వొకేట్ కమిషనర్‌ను (చేను చూసి కోర్టుకు రిపోర్టు ఇచ్చే లాయరును) పంపమని మరో రెండు పిటిషన్లు వేయండి. రూల్ 4 పిటిషన్ కొట్టేస్తే జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు.

కమిషనర్ వచ్చేలోగా పాత బండి జాడల ఫొటోలు తీసి పెట్టుకోండి, మీ గట్టు మీద నిలబడే.